డిగ్రీలో జీపీఏ తక్కువగా ఉన్నప్పుడు అమెరికాలో మెడికల్ స్కూలుకు దరఖాస్తు ఎలా చేయాలి?

అమెరికాలో వైద్యవిద్య మన దగ్గరలా ఇంటర్ తర్వాత మొదలు కాదు. నాలుగేళ్ల డిగ్రీ ముగిశాకే మెడికల్ స్కూలులో అడుగుపెడతారు కాబట్టి, డిగ్రీ తొలి సెమిస్టరు నుంచి వచ్చిన ప్రతి గ్రేడూ దరఖాస్తులోకి చేరుతుంది. ఎండీ (అక్కడ ఇదే వైద్యుల తొలి పట్టా) స్కూళ్లలో ఇటీవల చేరుతున్నవారి సగటు జీపీఏ (గ్రేడ్ల సగటు) 4.0కు 3.8 దగ్గరగానూ, ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్ స్కోరు 511, 512 దగ్గరగానూ ఉంటోంది. ఈ అంకెలు చూసి 3.0, 3.2 దగ్గర ఆగిపోయిన విద్యార్థులూ, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రులూ దిగాలు పడిపోతుంటారు. సగటును కనీస అర్హతగా భావించనక్కరలేదు. ఆ స్థాయి మార్కులతోనూ ఏటా కొందరు సీట్లు తెచ్చుకుంటూనే ఉన్నారు. అయితే అలాంటి విద్యార్థి డిగ్రీ చేతికి రాగానే దరఖాస్తు పంపడం చాలా సందర్భాల్లో డబ్బు దండగ. ఒకటి రెండేళ్లు ఆగి, కొత్త గ్రేడ్లు సంపాదించుకుని, ఆ తర్వాత ఒక్కసారి గట్టిగా దరఖాస్తు చేసుకోవడమే మేలు. ఆ పని ఏ వరుసలో చేయాలో కింద వివరిస్తున్నాను.

1. ముందు అసలు జీపీఏ ఎంతో లెక్క తేల్చుకోండి

కాలేజీ ట్రాన్‌స్క్రిప్టు (మార్కుల పత్రం) మీద కనిపించే జీపీఏ మీద ఆధారపడకండి. ఎండీ స్కూళ్లకు ఉమ్మడిగా దరఖాస్తులు తీసుకునే ఆమ్‌కాస్ అనే సేవ తన పద్ధతిలో జీపీఏను మళ్లీ లెక్కిస్తుంది. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో చదివిన కోర్సులూ, వేసవిలో వేరే కాలేజీలో చేసిన ఒక్క కోర్సూ అందులో కలుస్తాయి. ఒక సబ్జెక్టు తప్పి మళ్లీ చదివితే మీ కాలేజీ పాత గ్రేడును తీసేసి ఉండవచ్చు గానీ ఆమ్‌కాస్ రెండింటినీ లెక్కలోకి తీసుకుంటుంది. డీఓ (ఆస్టియోపతిక్ వైద్య పట్టా) స్కూళ్ల దరఖాస్తు సేవ అయిన ఆకోమాస్ ఒకప్పుడు కొత్త గ్రేడును మాత్రమే లెక్కించేది. 2017లో ఆ సౌకర్యం ఎత్తేశారు. ఇప్పటికీ పాత సలహాలు పట్టుకుని ‘డీఓకి రిపీట్ చేస్తే పాత ఎఫ్ పోతుంది’ అని చెప్పేవారు తగులుతుంటారు, నమ్మవద్దు.

మొత్తం జీపీఏతో పాటు బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కోర్సులకు ఆమ్‌కాస్ విడిగా సైన్స్ జీపీఏ వేస్తుంది. ఆకోమాస్ లెక్కించే సైన్స్ జీపీఏలో మ్యాథ్స్ ఉండదు. స్టాటిస్టిక్స్‌ను సైకాలజీ విభాగం బోధించినా ఆమ్‌కాస్ దానిని మ్యాథ్స్ కిందే తీసుకుంటుంది. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులు మాత్రం సైన్స్ జీపీఏలోకి రావు. మన పిల్లల్లో కంప్యూటర్ సైన్స్ చదువుతూ మెడిసిన్ వైపు మళ్లినవారు ఈ తేడా చూసుకోవాలి, ఎందుకంటే వారి మంచి గ్రేడ్లన్నీ ఒకవైపూ, ఆర్గానిక్ కెమిస్ట్రీలో వచ్చిన సీ మరోవైపూ నిలబడి ఉంటాయి.

ఇప్పుడు కాగితం మీద ఈ లెక్క వేయండి. 120 క్రెడిట్లకు 3.0 జీపీఏ అంటే 360 పాయింట్లు. డిగ్రీ తర్వాత మరో 30 క్రెడిట్లు చదివి అన్నింటిలోనూ ఏ గ్రేడు (క్రెడిట్‌కు 4 పాయింట్లు) తెచ్చుకుంటే 120 పాయింట్లు కలిసి మొత్తం 480 అవుతాయి. 150 క్రెడిట్లతో భాగిస్తే 3.2. ఇంకో 30 క్రెడిట్లు అలాగే చదివితే 600ను 180తో భాగించాలి, వచ్చేది 3.33. రెండేళ్ల కష్టానికి ఫలితం ఇంతేనా అనిపించడం సహజం. కానీ అడ్మిషన్ కమిటీ ముందుకు వెళ్లే ఆమ్‌కాస్ పట్టికలో ఈ ఒక్క అంకె మాత్రమే ఉండదు. మొదటి, రెండో, మూడో, నాలుగో సంవత్సరాలకు ఒక్కో వరుస, డిగ్రీ తర్వాత చదివిన కోర్సులకు మరో వరుస ఉంటాయి. 2.6, 2.9, 3.2, 3.4, చివరి వరుసలో 4.0 అని కనిపించే పట్టిక, అన్ని వరుసల్లోనూ 3.3 చుట్టూ తిరిగే పట్టిక కంటే చాలా మెరుగు. మీరు చేయగలిగిందల్లా ఆ చివరి వరుసను నిర్మించుకోవడమే.

2. మార్కులు ఎందుకు తగ్గాయో తేల్చుకోండి

ఈ మెట్టును దాటేసి కొత్త కోర్సుల్లో చేరిపోయేవారు చాలామంది ఉంటారు. సెమిస్టరుకు 18 క్రెడిట్లు నెత్తికెత్తుకోవడం, వారానికి ఇరవై గంటలు ఉద్యోగం చేయడం, అనారోగ్యం, ఇంట్లో కష్టాలు, చదివే పద్ధతే తెలియకపోవడం, వీటిలో ఏది కారణమైతే దానికి తగిన మందు వేరు. కారణం అలాగే ఉండగా మళ్లీ చదవడం మొదలుపెడితే మళ్లీ బీ మైనస్‌లే వస్తాయి, అప్పుడు పరిస్థితి మొదటికంటే కష్టమవుతుంది. అసలు విద్యార్థికి డాక్టరు కావాలని ఉందా, లేక ఇంట్లోవాళ్లకు ఉందా అన్న ప్రశ్న కూడా ఇక్కడే అడగాలి; అమ్మానాన్నలు దూరంగా ఉన్నప్పుడు అడిగితే నిజమైన జవాబు వస్తుంది.

3. రికార్డును మరమ్మతు చేయడానికి సరైన దారి ఎంచుకోండి

ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి పోస్ట్-బ్యాక్, అంటే డిగ్రీ తర్వాత డిగ్రీ స్థాయి కోర్సులే చదవడం. ఇందుకోసం ప్రత్యేక ప్రోగ్రాములు నడిపే విశ్వవిద్యాలయాలున్నాయి గానీ, దగ్గర్లోని స్టేట్ యూనివర్సిటీలో నాన్-డిగ్రీ విద్యార్థిగా చేరి సొంతంగా కోర్సులు ఎంచుకున్నా ఫలితం అదే, ఖర్చు తక్కువ. ఈ గ్రేడ్లు డిగ్రీ జీపీఏలో కలుస్తాయి. రెండోది స్పెషల్ మాస్టర్స్, అంటే మెడికల్ స్కూలు మొదటి సంవత్సరపు పాఠాలను పోలిన ఏడాది, రెండేళ్ల కోర్సు. జార్జ్‌టౌన్, బోస్టన్ విశ్వవిద్యాలయాల్లో నడిచేవి వీటిలో బాగా పేరున్నవి. మాస్టర్స్ గ్రేడ్లను ఆమ్‌కాస్ విడిగా చూపిస్తుంది తప్ప డిగ్రీ జీపీఏలో కలపదు.

జీపీఏ 3.0 కంటే తక్కువైతే ముందు పోస్ట్-బ్యాక్ చేయాలన్నది నా అభిప్రాయం. 3.2 దాటి ఉండి, సైన్స్ కోర్సులు ఇప్పటికే చాలా చదివేసి, ఇంకా చదవడానికి డిగ్రీ స్థాయిలో ఏమీ మిగలనివారికి స్పెషల్ మాస్టర్స్ పనికొస్తుంది. అది పెద్ద పందెం అన్న సంగతి మాత్రం మరవకండి: అందులో 3.7 తెచ్చుకుంటే పాత మచ్చ చాలావరకు మరుగున పడుతుంది, 3.2 తెచ్చుకుంటే మెడికల్ స్కూలు పాఠాలు ఈ విద్యార్థికి అందవని మీరే రాతపూర్వకంగా చెప్పినట్లవుతుంది. ఖర్చు సంగతి కూడా ముందే చూసుకోవాలి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి డిగ్రీ పైచదువులకు ఇచ్చే గ్రాడ్ ప్లస్ ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) రుణాలు లేవు. మెడిసిన్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఫెడరల్ రుణం ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2 లక్షల డాలర్లు మించదు. ఎఫ్-1 (విద్యార్థి), హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల) వీసాల మీద ఉన్నవారికి ఫెడరల్ రుణాలే రావు.

ఏ కోర్సులు చదవాలి? తప్పనిసరి కోర్సుల్లో సీ మైనస్ లేదా అంతకంటే తక్కువ వచ్చి ఉంటే అవి మళ్లీ చదవక తప్పదు, చాలా స్కూళ్లు కనీసం సీ అడుగుతాయి. బీ మైనస్ వచ్చిన జనరల్ కెమిస్ట్రీని మళ్లీ చదవడం మాత్రం వృథా. ఆ సమయంలో బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, సెల్ బయాలజీ, ఇమ్యునాలజీ లాంటి పై స్థాయి కోర్సులు తీసుకోండి. ఒక్కో సెమిస్టరుకు ఒక్కో కోర్సు చొప్పున జాగ్రత్తగా ‘ఏ’ గ్రేడ్లు పోగుచేస్తే, పూర్తి భారం మోయగలడా అన్న సందేహం కమిటీకి అలాగే ఉండిపోతుంది. వీలైతే మొదట రెండు కోర్సులతో ఆరంభించి తర్వాత నాలుగుకు పెంచాలి. కోర్సు చేయి దాటిపోతోందని తెలిస్తే గడువులోపు విత్‌డ్రా అవ్వండి. అలా విత్‌డ్రా అయినందుకు పడే డబ్ల్యూ జీపీఏలో కలవదు, ఒకటి రెండు ఉన్నా పెద్ద నష్టం లేదు.

4. ఎమ్‌క్యాట్ ఒక్కసారే, పూర్తి సిద్ధంగా రాయండి

472 నుంచి 528 వరకు స్కోరు ఉండే ఈ పరీక్ష విరామాలతో కలిపి సుమారు ఏడున్నర గంటలు సాగుతుంది. నాలుగు భాగాలకూ ఒక్కోదానికి 118 నుంచి 132. జీపీఏ తక్కువైనవారికి ఇది పెద్ద ఊరటే, కానీ 515 వచ్చి 2.9 ఉన్న విద్యార్థిని చూసి ‘తెలివి ఉంది, పని చేయడు’ అనుకునే కమిటీలూ ఉంటాయి. అందుకే కొత్త గ్రేడ్లు రాకుండా ఎమ్‌క్యాట్ ఒక్కదానినే నమ్ముకోకూడదు. ఏడాదిలో మూడుసార్లు, రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లు రాయవచ్చునని నిబంధన అనుమతించినా, ప్రతి ప్రయత్నమూ స్కూళ్లకు కనిపిస్తుంది. పరీక్ష నిర్వహించే ఏఏఎంసీ సొంతంగా ఇచ్చే పూర్తి నిడివి నమూనా పరీక్షల్లో వరుసగా మీరు కోరుకున్న స్కోరు వచ్చేదాకా తేదీని వాయిదా వేసుకోండి. మన పిల్లలు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది కార్స్ అనే పఠన విభాగాన్ని. చివరి నెలలో కూర్చుంటే అది వచ్చేది కాదు, ఆరు నెలల ముందు నుంచే రోజూ కొంత చదవాలి.

5. రోగుల మధ్య గడపండి

దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్క్రైబ్ (డాక్టరు పక్కన ఉండి నోట్సు రాసేవారు), ఈఎంటీ (అంబులెన్సులో అత్యవసర సేవలందించేవారు), నర్సింగ్ అసిస్టెంట్, హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ) వాలంటీర్, ఏదైనా ఒక్కటి ఏడాదికి పైగా నిలకడగా చేయడం పది చోట్ల పది గంటలు చేయడం కంటే మంచిది. తెలుగు సంఘంలో పరిచయమున్న అంకుల్ క్లినిక్‌లో నాలుగు శనివారాలు నిలబడి చూడటాన్ని షాడోయింగ్‌గా రాసుకోవచ్చు, కానీ రోగితో మీరు స్వయంగా పనిచేసిన అనుభవం కింద అది రాదు. ఆ అంకుల్ చేతే సిఫారసు లేఖ కూడా రాయించుకోవడం మరీ పొరపాటు. లేఖలు ఇటీవలి కోర్సుల్లో మీకు ‘ఏ’ గ్రేడు ఇచ్చిన సైన్స్ ప్రొఫెసర్ల నుంచి రావాలి. ‘రెండేళ్ల కిందటి గ్రేడ్లకూ ఈ విద్యార్థికీ పొంతన లేదు’ అని వారు చెబితే ఉండే బలం మీరే చెప్పుకుంటే ఉండదు.

6. స్కూళ్ల జాబితా వాస్తవికంగా తయారుచేసుకోండి

ముందు వీసా సంగతి. హెచ్-1బీ తల్లిదండ్రుల పిల్లలు 21 ఏళ్లు దాటాక ఎఫ్-1కు మారితే విదేశీ విద్యార్థులుగానే లెక్క. చాలా స్కూళ్లు విదేశీ విద్యార్థుల దరఖాస్తులే చూడవు. భారతదేశంలో డిగ్రీ చేసి వచ్చినవారికి ఎక్కువ స్కూళ్లు అమెరికాలో చదివిన కోర్సులు ఉండాల్సిందే అంటాయి. ఏఏఎంసీ ప్రచురించే ఎంఎస్‌ఏఆర్ అనే సమాచార నిధికి చందా కడితే ఒక్కో స్కూలు నిబంధన ఏమిటో, చేరినవారి జీపీఏ ఏ పరిధిలో ఉందో తెలుస్తుంది. మీ మార్కులు ఆ పరిధిలో కింది పది శాతం గీత దగ్గరైనా లేకపోతే ఆ స్కూలును వదిలేయండి.

మీ రాష్ట్రపు ప్రభుత్వ స్కూళ్లన్నీ జాబితాలో ఉండాలి. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్న మనవారికి ఇది పెద్ద అనుకూలం, ఎందుకంటే టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు రాష్ట్రం బయటివారికి పది శాతానికి మించి సీట్లు ఇవ్వకూడదు. అక్కడి దరఖాస్తు సేవ టీఎండీఎస్‌ఏఎస్ ప్లస్, మైనస్‌లను పట్టించుకోదు. ఏ మైనస్‌కు కూడా 4.0 పడుతుంది. పదేళ్లు దాటిన పాత కోర్సులను పూర్తిగా పక్కన పెట్టించుకునే ‘అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్’ అనే అవకాశం కూడా టెక్సస్ నివాసులకు ఉంది, అయితే ఆ కాలంలోని మంచి గ్రేడ్లూ పోతాయి.

డీఓ స్కూళ్లను చిన్నచూపు చూడకండి. డీఓ పట్టాతో 50 రాష్ట్రాల్లోనూ పూర్తి స్థాయి వైద్యులుగా లైసెన్సు వస్తుంది, 2020 నుంచి రెసిడెన్సీ (పట్టా తర్వాత ఆస్పత్రిలో పొందే శిక్షణ) గుర్తింపు వ్యవస్థ కూడా ఎండీలకూ డీఓలకూ ఒక్కటే. అక్కడ చేరేవారి సగటు మార్కులు ఎండీ స్కూళ్ల కంటే కొంత తక్కువ. పెళ్లి సంబంధాల బయోడేటాలో ఎలా కనబడుతుందోనని డీఓను వద్దనుకునే కుటుంబాలు తర్వాత కరీబియన్ స్కూళ్ల దాకా వెళుతుండటం విచారకరం. అక్కడ ప్రవేశం తేలికే, కష్టమంతా ఆ తర్వాతే. ఇటీవలి రెసిడెన్సీ మ్యాచ్‌లలో (ఆ శిక్షణ సీట్ల కేటాయింపుల్లో) అమెరికా ఎండీ, డీఓ విద్యార్థుల్లో పది మందికి తొమ్మిది మందికి పైగా చోటు దొరికితే, విదేశీ స్కూళ్లలో చదివిన అమెరికా పౌరుల్లో సుమారు మూడింట రెండు వంతుల మందికే దొరికింది. మధ్యలో చదువు ఆగిపోయి మ్యాచ్ దాకా చేరనివారు ఈ లెక్కలో లేరు.

7. మార్కుల గురించి క్లుప్తంగా రాయండి

ఆమ్‌కాస్‌లో పర్సనల్ స్టేట్‌మెంటుకు 5,300 అక్షరాల పరిమితి ఉంటుంది. వాటిని సంజాయిషీకి ఖర్చు చేయకుండా వైద్యం ఎందుకో చెప్పడానికి వాడండి. గ్రేడ్ల ప్రస్తావన రెండు మూడు వాక్యాలు చాలు: ‘రెండో సంవత్సరంలో ఉద్యోగ గంటలు పెంచుకుని చదువు దెబ్బతీసుకున్నాను. ఉద్యోగం తగ్గించుకుని, ప్రొఫెసర్ల దగ్గరకు వెళ్లడం అలవాటు చేసుకున్నాక, తర్వాతి 40 క్రెడిట్లలో 3.9 వచ్చింది.’ ప్రొఫెసర్ కఠినుడనీ, కాలేజీలో గ్రేడ్లు పిసినారితనంగా వేస్తారనీ రాయకండి. చాలా స్కూళ్లు, తొలి దరఖాస్తు తర్వాత విడిగా రాయించే సెకండరీ వ్యాసాల్లో చదువులో ఇబ్బందుల గురించి విడిగా అడుగుతాయి, వివరాలు అక్కడ ఇవ్వవచ్చు. కాపీ కొట్టడం లాంటి వాటికి కాలేజీ చర్య తీసుకుని ఉంటే అది ఎంత చిన్నదైనా దాచకూడదు. తర్వాత బయటపడితే సీటే పోతుంది.

8. జూన్‌లోనే పంపండి

ఆమ్‌కాస్ ఫారం మే నెలలో తెరుచుకుంటుంది, మే చివర లేదా జూన్ మొదట్లో సమర్పించవచ్చు. గ్రేడ్లు సరిచూడటానికి వారాలు పడుతుంది, చాలా స్కూళ్లు వచ్చిన వరుసలోనే ఇంటర్వ్యూలకు పిలుస్తుంటాయి. ఆగస్టులో గానీ సిద్ధం కాలేనని తెలిస్తే ఆ సంవత్సరం మానుకుని, ఆ సమయంలో మరో రెండు కోర్సులు పూర్తి చేసుకోవడం మంచిది. సెకండరీ వ్యాసాల ప్రశ్నలు ఏటా పెద్దగా మారవు కాబట్టి ముందే రాసి ఉంచుకుంటే రెండు వారాల్లోపు తిప్పి పంపవచ్చు. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలు ఏఏఎంసీ ఫీజు సహాయ పథకానికి ముందే దరఖాస్తు చేసుకోవాలి, కట్టేసిన ఫీజులు వెనక్కి రావు.

ఎక్కడా సీటు రాకపోతే మరుసటి జూన్‌లో అదే ఫైలును తిరిగి పంపకండి. తిరస్కరించిన స్కూళ్లలో కొన్ని, అడిగితే, లోపం ఎక్కడుందో చెబుతాయి; వసంతంలో ఆయా అడ్మిషన్ ఆఫీసులకు రాసి అడగండి. వారు గ్రేడ్లంటే మరో ఏడాది కోర్సులు, స్కోరంటే మళ్లీ ఎమ్‌క్యాట్, అనుభవమంటే ఆస్పత్రిలో ఉద్యోగం, దాని తర్వాతే మళ్లీ ఫారం తెరవండి.