లాటిన్ ధాతువులతో ఇంగ్లీషు - 5వ పాఠం: జంట అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

పోయిన పాఠంలో 'పోర్ట్' అనే ధాతువు నేర్చుకున్నాం. మోయడం అని దానర్థం. బయటికి మోసుకెళ్తే ఎక్స్‌పోర్ట్, లోపలికి మోసుకొస్తే ఇంపోర్ట్. అక్కడ ఒక ప్రశ్న మిగిలిపోయింది. లోపలికి అనే అర్థమిచ్చే ఉపసర్గ 'ఇన్' కదా, మరి మాట ఇన్‌పోర్ట్ అని ఎందుకు లేదు? ఈ పాఠమంతా ఆ మారిపోయిన అక్షరం గురించే. ఇది పట్టుబడితే స్పెల్లింగ్ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

తెలుగులో సంధులు చదివిన మీకు ఇది కొత్త కాదు. సత్, జనుడు కలిస్తే సజ్జనుడు. ఉత్, లాసం కలిస్తే ఉల్లాసం. ముందున్న 'త్' తన పక్కన వచ్చిన అక్షరంలాగా మారిపోయింది. లాటిన్ మాట్లాడినవాళ్ల నోటిలోనూ ఇదే జరిగింది. కావాలంటే ఇన్‌పాసిబుల్ అని గబగబా నాలుగైదుసార్లు అనండి. 'ప' పలకడానికి పెదాలు మూసుకోవాలి. అవి కాస్త ముందే మూసుకుంటాయి, 'న్' కాస్తా 'మ్' అవుతుంది. అలా ఇంపాసిబుల్ వచ్చింది. పి, బి, ఎమ్ అక్షరాల ముందు 'ఇన్' ఎప్పుడూ ఇలాగే మారుతుంది. ఎల్ ముందు ఎల్ అవుతుంది: ఇల్లీగల్. ఆర్ ముందు ఆర్ అవుతుంది: ఇర్రెగ్యులర్. (ఈ మూడు మాటల్లో 'ఇన్' అంటే 'కాదు' అని. లోపలికి అనే 'ఇన్', కాదు అనే 'ఇన్' వేరువేరు. మారే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.)

మరి ఇన్‌పుట్ ఎందుకు ఇంపుట్ కాలేదు? 'పుట్' లాటిన్ మాట కాదు, అచ్చ ఇంగ్లీషు మాట. ఇంగ్లీషువాళ్లు తమ రెండు మాటల్ని పక్కపక్కన పెట్టుకున్నారంతే. లాటిన్ సంధి దానికి వర్తించదు.

ఇప్పుడు అసలైన ఉపసర్గ దగ్గరికి వద్దాం. 'అడ్' అంటే వైపు, దగ్గరికి. ఇది ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. లాగడం అనే 'ట్రాక్ట్' ముందు దీని డి కాస్తా టి అవుతుంది: అట్రాక్ట్, తనవైపు లాగడం. తీసుకోవడం అనే అర్థమున్న 'సెప్ట్' ముందు సి అవుతుంది: యాక్సెప్ట్. లాటిన్‌లో 'రీపా' అంటే ఒడ్డు. ఒడ్డుకు చేరడమే అరైవ్, అందుకే అందులో రెండు ఆర్‌లు. అచ్చు ముందు వస్తే మాత్రం డి మారదు, జంట కూడా కాదు. అడాప్ట్‌లో ఒకే డి ఉండేది అందుకే. ఈ మార్పుకు భాషాశాస్త్రంలో అసిమిలేషన్ అని పేరు. ఆ పేరే 'అడ్', 'సిమిలిస్' కలిసి పుట్టింది. సిమిలిస్ అంటే పోలినది. ఎస్ ముందు డి ఎస్‌గా మారింది కాబట్టి దాని స్పెల్లింగ్‌లోనూ రెండు ఎస్‌లు ఉన్నాయి.

పెద్దవాళ్లు కూడా తడబడే మాట అకామడేషన్. సి ఒకటా రెండా, ఎమ్ ఒకటా రెండా? బట్టీ పట్టకండి, విడగొట్టండి. 'అడ్', 'కామ్', 'మోడస్' అని మూడు ముక్కలు. కామ్ అంటే కలిసి, మోడస్ అంటే కొలత. కొలతకు సరిపోయేలా అమర్చడం అన్నది పాత అర్థం. చోటు కల్పించడం, బస అనే అర్థాలు తర్వాత వచ్చాయి. ఇప్పుడు అతుకులు చూడండి. అడ్ చివరి డి, కామ్ మొదటి సి ముందు సి అయింది: రెండు సిలు. కామ్ చివరి ఎమ్, మోడస్ మొదటి ఎమ్ కలిశాయి: రెండు ఎమ్‌లు. అక్షరాలు వరసగా ఏ, సి, సి, ఓ, ఎమ్, ఎమ్, ఓ, డి, ఏ, టి, ఐ, ఓ, ఎన్.

వెంటనే రికమెండ్ రాసి చూడండి. 'రి', 'కామ్', 'మెండ్'. రి అచ్చుతో ముగుస్తుంది, మారడానికి చివర హల్లే లేదు. కాబట్టి సి ఒకటే, ఎమ్‌లు రెండు. డిసప్పియర్ కూడా అంతే. డిస్ తర్వాత వచ్చేది అప్పియర్, అంటే అచ్చు. కాబట్టి ఎస్ ఒకటే. అప్పియర్‌లో 'అడ్' దాగి ఉంది కాబట్టి పిలు రెండు. అదే డిస్‌శాటిస్‌ఫై అయితే డిస్ ఎస్, శాటిస్‌ఫై ఎస్ రెండూ నిలబడతాయి.

పద్ధతి ఒక్కటే. మాట మొదట్లో జంట అక్షరాలు కనిపిస్తే వాటి మధ్య పెన్సిల్‌తో గీత గీయండి. ఎడమ ముక్క ఏ ఉపసర్గో, కుడి ముక్క ఏ ధాతువో అడగండి. ప్రతి జంటకూ ఇది పనిచేయదు. యాపిల్‌లోని రెండు పిలు ఉపసర్గవి కావు, అది లాటిన్ మాటే కాదు. కుడివైపు మిగిలిన ముక్కకు అర్థం దొరకకపోతే డిక్షనరీలో ఆ మాట పుట్టుక ఎక్కడిదో చూశాకే నమ్మండి.

అభ్యాసం: సపోర్ట్, కరెక్ట్, ఇమ్మీడియట్, సజెస్ట్, డిసప్పాయింట్. ఈ ఐదింటినీ నోట్సులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, అతుకు దగ్గర గీత గీయండి. మొదటి దానికి, నాలుగో దానికి ఒకే ఉపసర్గ: 'కింద' అని అర్థమిచ్చే 'సబ్'. సపోర్ట్‌లోని ధాతువు మీకు తెలిసిందే, కిందనుంచి మోయడం. చివరి మాటలో రెండు ఉపసర్గలున్నాయి, ఎస్ ఎన్ని, పి ఎన్ని అన్నది ముందు విడగొట్టి ఆ తర్వాతే రాయండి. జవాబులు 6వ పాఠం మొదట్లో ఉంటాయి.