షార్ట్‌స్టాప్ ఫీల్డింగ్ లెక్కలను చదవడం ఎలా

క్రికెట్ స్కోరుకార్డులో జారవిడిచిన క్యాచ్‌కు చోటు లేదు. బేస్‌బాల్‌లో మాత్రం ఫీల్డర్ తప్పుకు కూడా పద్దు ఉంటుంది. బ్యాటర్‌నో రన్నర్‌నో అవుట్ చేసే చివరి పని చేసినవారికి పుటౌట్, అందుకు ముందు బంతిని అందించినవారికి అసిస్ట్, మామూలు ప్రయత్నంతో కావలసిన పని చెడిందని అధికారిక స్కోరర్ తీర్పు చెబితే ఎర్రర్ నమోదవుతాయి. పుటౌట్లు, అసిస్ట్‌ల మొత్తాన్ని ఈ మూడింటి మొత్తంతో భాగిస్తే ఫీల్డింగ్ పర్సంటేజ్ వస్తుంది.

ఏ ఆటగాడి పట్టికలోనైనా ముందుగా ఆయన ఏ స్థానంలో ఎన్ని ఇన్నింగ్స్ ఆడాడో చూడాలి. ఫస్ట్ బేస్‌మన్ ఎక్కువగా ఇతరులు విసిరిన బంతులను అందుకుంటాడు, బ్యాటర్ వెనుక నిలిచే క్యాచర్‌కు దాదాపు స్ట్రయికౌట్లన్నీ (బ్యాటర్ మూడు స్ట్రయిక్‌లతో అవుటవడం) పుటౌట్లుగా జమ అవుతాయి. అందువల్ల ఆ రెండు స్థానాల శాతాలు సహజంగానే ఎక్కువగా ఉంటాయి, వాటిని షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) శాతంతో పోల్చడం అర్థం లేని పని.

తరువాత శాతాన్ని కాసేపు పక్కన పెట్టాలి. ఎందుకో తెలియాలంటే ఇద్దరు ప్రసిద్ధ షార్ట్‌స్టాప్‌ల లెక్కలు చూడండి. శాన్ డియాగో, సెయింట్ లూయిస్ జట్లకు ఆడిన ఆజీ స్మిత్ కెరీర్ శాతం 0.978, న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు డెరెక్ జీటర్‌ది 0.976. ఈ రెండు అంకెలే చూసినవారు ఇద్దరూ సమానమని అనుకుంటారు. కానీ స్మిత్ ఆ స్థానంలో 2,511 ఆటల్లో 8,375 అసిస్ట్‌లు చేయగా, జీటర్ అంతకంటే ఎక్కువగా 2,674 ఆటలు ఆడి కూడా 6,605 మాత్రమే చేశాడు. పుటౌట్లను కూడా కలిపి ఆటకు సగటు కడితే స్మిత్‌కు 5.03, జీటర్‌కు 3.90 వస్తాయి, దీనినే రేంజ్ ఫ్యాక్టర్ అంటారు. ఫీల్డర్ చేరుకోలేకపోయిన నేలబారు బంతి ఎర్రర్‌గా నమోదు కాదు, హిట్‌గా బ్యాటర్ ఖాతాలోకి పోతుంది. చేరుకున్న బంతులను ఎంత శుభ్రంగా ఆడాడో శాతం చెబుతుంది, చేరుకోలేని బంతుల గురించి అది ఏమీ చెప్పదు. నా దృష్టిలో ఫీల్డింగ్ లెక్కల్లో గ్రహించవలసిన అసలు విషయం ఇదే.

అయితే రేంజ్ ఫ్యాక్టర్‌ను కూడా ఉన్నదున్నట్టు నమ్మకూడదు. జీటర్ కాలంలో స్ట్రయికౌట్లు పెరిగి ఫీల్డర్ల వరకు వచ్చే బంతులే తగ్గాయి. పైగా జట్టులో నేలబారు బంతులు రాబట్టే పిచర్లు (బ్యాటర్‌కు బంతి విసిరేవారు) ఎందరున్నారన్నదాన్ని బట్టి కూడా ఈ సగటు మారుతుంది. కనుక దానిని అదే సంవత్సరపు లీగ్ సగటు పక్కన పెట్టి చదవాలి. అలా చదివినా స్మిత్ సగటుకు పైన, జీటర్ కింద ఉంటారు.

2003 నుంచి ఆడినవారి విషయంలో డిఫెన్సివ్ రన్స్ సేవ్డ్ (డి.ఆర్.ఎస్.) అనే కొలమానం చూడవచ్చు. మన క్రికెట్ అభిమానులకు తెలిసిన డి.ఆర్.ఎస్.కూ దీనికీ సంబంధం లేదు. బంతి ఎక్కడ పడింది, ఎంత వేగంగా వచ్చింది అన్నవి పరిశీలించి, ఫీల్డర్ జట్టుకు ఎన్ని పరుగులు ఆదా చేశాడో ఇది అంచనా వేస్తుంది. 2013లో అట్లాంటా షార్ట్‌స్టాప్ ఆండ్రెల్టన్ సిమన్స్‌కు ఇది 41. ఒక్క సీజన్ అంకెను బట్టి తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. కనీసం మూడు సీజన్లు కలిపి చూడటం మంచిది.

కెరీర్ మొత్తాన్ని చదివేటప్పుడు స్థానం ఎప్పుడు మారిందో గమనించాలి. బాల్టిమోర్ ఆటగాడు కాల్ రిప్కెన్ 1997లో షార్ట్‌స్టాప్ నుంచి థర్డ్ బేస్‌కు మారాడు. వయసుతో పాటు కదలిక తగ్గినప్పుడు ఇటువంటి మార్పులు సహజం. కానీ ప్రతి మార్పునూ క్షీణతగా లెక్కించకూడదు. 2002, 2003లలో షార్ట్‌స్టాప్‌గా గోల్డ్ గ్లవ్ (ఒక్కో స్థానంలో ఉత్తమ ఫీల్డర్‌కు ఏటా ఇచ్చే అవార్డు) గెలిచిన అలెక్స్ రోడ్రిగ్జ్ 2004లో యాంకీస్‌లో చేరగానే థర్డ్ బేస్‌కు వెళ్లాడు, ఎందుకంటే అక్కడ షార్ట్‌స్టాప్‌లో అప్పటికే జీటర్ ఉన్నాడు.

అవార్డుల వరుసను చిట్టచివర చదవండి. 1990లో రిప్కెన్ సీజన్ అంతటా 3 ఎర్రర్లే చేసినా ఆ ఏడాది అమెరికన్ లీగ్ (రెండు ప్రధాన లీగ్‌లలో ఒకటి) షార్ట్‌స్టాప్ గోల్డ్ గ్లవ్ ఆజీ గియెన్‌కు దక్కింది. 1999లో ఫస్ట్ బేస్‌లో 28 ఆటలే ఆడిన రఫాయెల్ పాల్మెయిరోకు ఆ స్థానపు గోల్డ్ గ్లవ్ ఇచ్చారు. 2013 నుంచి ఈ ఎంపికలో గణాంకాల సూచీకి సుమారు నాలుగో వంతు బలం ఉంది కనుక, అంతకుముందు గెలిచిన గ్లవ్‌లనూ తరువాతి వాటినీ ఒకే తూకంతో తూచకూడదు.