పొడుపు కథలు విప్పడం నేర్చుకుందాం – 3వ పాఠం: ముడి ఏ మాటలో ఉంది?

పోయిన పాఠం చివర ఇచ్చిన పొడుపు కథ గుర్తుంది కదా. నీళ్లలో పుడుతుంది, నీళ్లలో పడితే చస్తుంది. ఏమిటది?

మొదట ఎవరికైనా చేపే తడుతుంది. చేప నీళ్లలో చావదు కాబట్టి దాన్ని వదిలేసి కప్ప దగ్గరికి, పురుగు దగ్గరికి వెళ్తాం. అలా ఎంతసేపు తిరిగినా ప్రాణమున్న వాటి మధ్యే తిరుగుతుంటాం. శ్రీకాకుళం జిల్లాలో నౌపడ వైపు వెళ్లినవాళ్లు ఉప్పుమడులు చూసే ఉంటారు. మడిలో నీళ్లు ఎండే కొద్దీ ఉప్పు పేరుకుంటుంది. కుప్ప పోశాక పెద్ద వాన పడిందంటే కరిగి పోతుంది. జవాబు ఉప్పు. ఐసుముక్క అని మీకు తట్టి ఉంటే అదీ తప్పనను. చెప్పిన రెండు మాటలకూ అది సరిపోతుంది.

మనం నీళ్ల గురించి బుర్ర బద్దలు కొట్టుకున్నాం గానీ ముడి అక్కడ లేదు. 'పుట్టడం', 'చావడం' అన్న మాటల్లో ఉంది. ఆ మాటలు వినగానే ప్రాణి అనేసుకున్నాం. పొడిచినవాళ్లు ఆ మాట అననే లేదు. ఈ పాఠంలో నేర్చుకోవలసింది ఇదే: వాళ్లు చెప్పినదాన్నీ, మనం అనుకున్నదాన్నీ విడదీయడం.

నాకు ఇది నేర్పింది మా మామ్మ. చీపురుపల్లి దగ్గర ఊళ్లో, వేసవి సెలవుల్లో, అరుగు మీద. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు" అంది. నేను లేచి వీధి తలుపు వేసి చూశాను, కిర్రుమంది. పెరటి తలుపు చూశాను. దేవుడి గూటి తలుపులు కూడా తీసి, వేసి చూశాను. ఒక్కటైనా చప్పుడు కాకుండా ఉంటే కదా! తిరిగొచ్చి ఆమె ముందు నిలబడితే అడిగింది: "నానేటన్నాను, నువ్వేటిన్నావు? తలుపులన్నాను గానీ ఇంటి తలుపులన్నానేటి?" అంటూ నా మొహంలోకి చూసి రెండుసార్లు కళ్లు మూసి తెరిచింది. కనురెప్పలు! "నానేటన్నాను, నువ్వేటిన్నావు" అన్న ఆ ప్రశ్న ఇప్పటికీ ఏ చిక్కు ప్రశ్న ఎదురైనా ముందు నన్ను నేను వేసుకుంటాను.

ఇలా నేరుగా కాకుండా పక్కనుంచి వెళ్లే ఆలోచనకు 1967లో ఎడ్వర్డ్ డి బోనో అనే వైద్యుడు ఇంగ్లిష్‌లో 'లేటరల్ థింకింగ్' అని పేరు పెట్టాడు. పేరు కొత్తదే గానీ మన అరుగుల మీద ఆ పని ఎప్పటినుంచో జరుగుతోంది.

ఇప్పుడు కొంచెం పెద్ద ముడి. దీన్ని ప్రశ్నలు వేస్తూ విప్పాలి. జవాబు తెలిసినవాళ్లు 'అవును', 'కాదు', 'సంబంధం లేదు' అని తప్ప ఇంకేమీ చెప్పకూడదు. ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలికి ఇది ఇచ్చాను:

ఒకావిడ ఇంట్లో చేపలు వండరు, తినరు. అయినా ఆవిడ రోజూ చేప పళ్లు చేతబట్టుకుని కూర్చుంటుంది. ఎందుకు?

"అమ్ముతుందా మావయ్యా?" కాదు. "మందుకా?" కాదు. "ఇంట్లో పిల్లి ఉందా?" సంబంధం లేదు. ఇంకో నాలుగు ప్రశ్నలు అలాగే పోయాయి. పిల్లకి టెన్షన్ వచ్చేసింది. అప్పుడు ఒక్క మాట చెప్పాను: ఆవిడ సంగతి వదిలెయ్యి, నేనన్న మాటల్ని అడుగు.

కాసేపు ఊరుకుంది. "చేప బతికుందా?" కాదు. "పళ్లతో దేన్నైనా కొరికిస్తుందా?" కాదు. మళ్లీ ఊరుకుంది. తర్వాత జడ ముందుకు లాక్కుని చూసుకుంటూ, "దువ్వెనకి కూడా పళ్లుంటాయి కదా!" అంది. అక్కడి నుంచి పరుగే. "దువ్వుతుందా?" అవును. "జుట్టా?" కాదు. "గొర్రె ఉన్నినా?" కాదు. "పత్తా?" అవును!

ఇది కల్పించిన సంగతి కాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్ల వల్ల, గింజ తీయకముందే పత్తిలోని చెత్త పోయి పోగులు సాపవుతాయి. పొందూరు ఖద్దరుకు వాడే సన్నటి నూలుకు తొలి పని ఇదే.

మా పిల్లకి వాలుగ సంగతి తెలియదు. అయినా పత్తి దాకా వచ్చింది. నా లెక్కలో మంచి పొడుపు కథ అంటే ఇలా ఉండాలి. సమాచారం తెలిస్తే తప్ప విప్పలేనిది క్విజ్ ప్రశ్న అవుతుంది గానీ పొడుపు కథ కాదు. ఆమె మొదటి ప్రశ్నలన్నీ జవాబును ఊహించి వేసినవి. తర్వాతివి మాటను పట్టుకుని వేసినవి. 'పళ్లు' అన్న మాటకు నోరు ఒక్కటే చోటు కాదని తట్టగానే ముడి జారింది.

ఈ వారం ఒక నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండుగా గీయండి. ఎడమ పక్క 'అన్నది', కుడి పక్క 'నేను అనుకున్నది'. కుడి పక్క రాసిన ప్రతిదాన్నీ ఒకసారి కొట్టేసి చూడండి. మొదట్లో కుడి పక్క ఏమీ రాయడానికి ఉండదనిపిస్తుంది. ఓపిక పట్టండి, మనం అనుకున్నవి మనకే కనిపించవు. కింది మూడింటికీ ఇలాగే చేయండి.

బతికినన్నాళ్లూ నోరెత్తలేదు, నరికాక కచేరీ చేసింది. ఒళ్లంతా ఒక్కటే చెక్క, ఎక్కడా అతుకు లేదు. (బొబ్బిలి వాళ్లు తొందరపడి పక్కవాళ్లకి చెప్పేయకండి.)

పండు కడుపులో గింజ లేదు, గింజ పండుకి వేలాడుతోంది. పండు చవక, గింజ ప్రియం.

వేళ్లు లేని చెట్టు వీధిలో నడిచింది. కొమ్మలు లేని ఆ చెట్టు చిటారున మనిషి కూర్చున్నాడు. ఊరంతా తలెత్తి దండం పెట్టింది.

చివరిది విజయనగరం వాళ్లకు వినగానే తెలిసిపోతుంది. అందుకని వాళ్ల పని వేరు: ఆ జాతర ఎప్పుడూ చూడనివాళ్లను ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అవును, కాదు, సంబంధం లేదు అని మాత్రమే చెబుతూ ఆట నడపండి. ఎన్నో ప్రశ్నకు విప్పారో, ఏ మాట దగ్గర ఆగిపోయారో రాసిపెట్టుకోండి. నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.