బెరుకు కలిగినప్పుడు అడుగులు లెక్కపెట్టండి

డ్రెస్సాజ్ (సూక్ష్మమైన సంకేతాలతో గుర్రాన్ని క్రమబద్ధంగా కదిలించే స్వారీ విద్య) సాధనలో రౌతుకు బెరుకు కలిగితే మొదట బిగిసేది ఊపిరి. వెంటనే మోకాళ్లు జీనును నొక్కుతాయి, చేతులు పగ్గాలను లాగుతాయి, గుర్రం ఆ బిగువును గ్రహించి వీపు గట్టిపరచుకుంటుంది. అటువంటప్పుడు ట్రాట్ (నడకకన్నా వేగమైన, లయబద్ధమైన పరుగు) ఆపి గుర్రాన్ని నడకలోకి తీసుకురండి. 20 మీటర్ల వలయంపై గుర్రాన్ని నడిపిస్తూ, దాని అడుగులను పైకి వినబడేలా లెక్కపెట్టండి. మాట్లాడుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టడం సాధ్యం కాదు. చూపు గుర్రం మెడపై కాక, వలయంలో పావు వంతు ముందుకు ఉండాలి.

తరువాత నడక నుంచి ఆగడం, మళ్లీ నడవడం సాధన చేయండి. ఆగే ముందు నిటారుగా కూర్చుని నెమ్మదిగా ఊపిరి వదిలితే, శిక్షణ పొందిన గుర్రాలు చాలావరకు పగ్గాలు లాగనవసరం లేకుండానే నిలుస్తాయి. రౌతుకు నిజమైన నమ్మకం ఇక్కడే కుదురుతుందని నా దృఢమైన అభిప్రాయం. గుర్రం మెడ చాచి స్థిమితపడిన తరువాతే, అదీ సగం వలయం వరకే, ట్రాట్ అడగండి.