సంఘం సభ్యులందరికీ వడ్డీ లెక్క నేర్పడం ఎలా?

పొదుపు సంఘాలకు శిక్షణ అంటే ఫ్లెక్సీ కట్టి, లీడర్లను మండల కేంద్రానికి పిలిపించి, భోజనం పెట్టి, ఫొటో దిగి పంపేయడమైపోయింది. మర్నాడు వాళ్ల ఊరెళ్లి ఎవరినైనా "నీ అప్పు నిల్వ ఇంకా ఎంతుందక్కా?" అని అడగండి. "యానిమేటరమ్మకు తెలుసు" అంటుంది, ఊళ్లో సంఘాల పుస్తకాలు రాసే ఆమెకన్నమాట. పన్నెండేళ్లుగా సంఘాల్లో కూర్చుని నేర్పిస్తున్నాను, ఈ జవాబు విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. డబ్బు ఆమెది, కష్టం ఆమెది, లెక్క మాత్రం ఇంకెవరిదో!

సంఘాలు పాటించాల్సిన ఐదు నియమాల్లో, అంటే పంచసూత్రాల్లో, పుస్తకాల నిర్వహణ కూడా ఒకటని అందరం బోర్డు మీద రాయిస్తాం. పుస్తకం రాసేది ఒక్కరే కావచ్చు. లెక్క తెలియాల్సింది మాత్రం పది మందికీ. చదువు రాని సభ్యురాలికి కూడా రెండు రాత్రుల్లో వడ్డీ లెక్క వచ్చేస్తుంది. కింద చెప్పినట్టు చేయండి.

కావలసినవి

గుప్పెడు చింతపిక్కలు, కాసిని కందులు, మూడు గిన్నెలు, కాగితం చించి చేసిన నోట్ల చీటీలు, ఆ సంఘం సొంత పుస్తకాలు. ప్రొజెక్టర్ వద్దు, బోర్డు కూడా వద్దు. బోర్డు పెడితే చదువొచ్చిన ఇద్దరు ముందుకొస్తారు, మిగతావాళ్లు గోడకు జారబడతారు.

ఎప్పుడు, ఎక్కడ

రాత్రి అన్నాలు తిన్నాక, సంఘం ఎప్పుడూ కూర్చునే చోటే. నాట్ల రోజుల్లో, మిరప కోతల్లో పెట్టుకోకండి. అందరూ కిందే కూర్చోవాలి, గుండ్రంగా. లీడరుకు కూడా కుర్చీ వేయకూడదు. పది మందిలో ఏడుగురే వస్తే ఆ రాత్రి నేర్పకండి, ఇంకో రోజు వెళ్లండి. రాని ముగ్గురే ఎక్కువగా అప్పుల్లో ఉన్నవాళ్లయి ఉంటారు.

మొదటి మెట్టు: పొదుపు

ఇది తేలిక. నెలకు ఎంత, ఎన్ని నెలలు, మొత్తం ఎంత అన్నది ఒక్కొక్కరి చేత నోటితో చెప్పించి, పాస్‌పుస్తకంతో సరిచూడండి. పావుగంట చాలు.

రెండో మెట్టు: పిక్కలు పరవడం

ఒక చింతపిక్క వెయ్యి రూపాయలు. ఒక కందిగింజ పది రూపాయలు. ఒకామె పన్నెండు వేలు అప్పు తీసుకుందని చెప్పి ఆమె ముందు పన్నెండు పిక్కలు వరసగా పెట్టండి. వడ్డీ నూటికి నెలకు రూపాయి, అంటే ఒక్కో పిక్కకు నెలకో కందిగింజ. శాతం అనే మాట ఇప్పుడే ఎత్తకండి. ఊళ్లో వడ్డీని రూపాయల్లోనే అనుకుంటారు. రూపాయి వడ్డీ అంటే బ్యాంకువాళ్లు సాలుకు పన్నెండు శాతం అంటారని చివర్లో చెబితే సరిపోతుంది.

మొదటి నెల పన్నెండు పిక్కల పక్కన పన్నెండు గింజలు పెట్టించి, వాటిని వడ్డీ గిన్నెలో వేయించండి. ఒక పిక్క తీసి అసలు గిన్నెలో వేయించండి. రెండో నెల ఎన్ని గింజలు పెట్టాలని అడిగి, నోరు మూసుకోండి. ఎవరైనా పన్నెండే అంటే సరిదిద్దకండి, పెట్టనివ్వండి. పన్నెండో గింజ చేతిలో పట్టుకుని చూస్తుంది. దాని పక్కన పిక్క ఉండదు. ఒక ఊళ్లో అరవై దాటిన పెద్దమ్మ ఆ గింజను వేళ్ల మధ్య తిప్పుతూ అడిగింది: "ఆ వెయ్యి నేను కట్టేశాను గదమ్మా, నా దగ్గర లేని డబ్బుకు వడ్డీ ఎందుకు కట్టాలి?" తరుగుతున్న నిల్వ మీద వడ్డీ అంటే ఏమిటో ఆమె ఒక్క ప్రశ్నలో చెప్పేసింది. ఆ మాట సభ్యుల నోటి నుంచే రావాలి, మీరు ముందే చెప్పేస్తే పోయింది.

పన్నెండు నెలలూ ఆడించండి, మధ్యలో ఆపకండి. వడ్డీ గిన్నెలో గింజలు లెక్కపెడితే 78 వస్తాయి, అంటే 780 రూపాయలు. ఇప్పుడు ఇంకో గిన్నె తీసి, మొదటి పన్నెండు వేల మీదే వడ్డీ కడుతున్నట్టు, నెలనెలా పన్నెండేసి గింజలు తగ్గించకుండా వేయించండి. 144 గింజలు, అంటే 1,440 రూపాయలు. ఈ రెండు వడ్డీ గిన్నెలూ చేతుల్లోకి ఇవ్వండి. అప్పు అదే, "రూపాయి వడ్డీ" అన్న మాటా అదే. కట్టిన వడ్డీ మాత్రం దాదాపు రెండింతలు.

2010 నాటికి మన పల్లెల్లో సూక్ష్మరుణ కంపెనీలు వారం వారం వసూళ్లతో ఎంత ఒత్తిడి పెట్టాయో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. వడ్డీ తక్కువని నమ్మి సంతకం పెట్టేవాళ్లకు, ఆ వడ్డీ దేని మీద కడుతున్నారో అడగాలన్న సంగతే తెలియదు. ఇప్పటికీ ఇంటి గుమ్మంలోకి వచ్చి అప్పులిచ్చేవాళ్లున్నారు. అందుకే ఈ రెండు గిన్నెలు చూపించకుండా శిక్షణ ముగించకూడదంటాను.

మూడో మెట్టు: కట్టిన డబ్బును విడగొట్టడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఇది మొదటి రాత్రి మొదలుపెట్టకండి. రెండో రాత్రికి ఉంచండి, ఎవరికీ నిద్ర ముంచుకు రాకముందే మొదలుపెట్టండి.

నాలుగు కిస్తీలు కట్టిన సభ్యురాలికి ఎనిమిది వేలు నిల్వ ఉంది. ఐదో నెల ఆమె చేతిలో వెయ్యి రూపాయలే ఉన్నాయి, అదే తెచ్చింది. పల్లెలో ఎక్కువగా జరిగేది ఇదే, వడ్డీతో సహా చిల్లర లెక్కకట్టి తెచ్చేవాళ్లు తక్కువ. ఆ వెయ్యిని ఎలా రాయాలి?

మొదట వడ్డీ. ఎనిమిది వేలకు ఎనభై రూపాయలు. మిగిలిన 920 అసలుకు. కొత్త నిల్వ 7,080. ఇంతే. కానీ నేను చూసిన పుస్తకాల్లో ఇది మూడు రకాలుగా చెడిపోతోంది. కొందరు వెయ్యీ అసలులో రాసి నిల్వ ఏడు వేలు చేస్తారు. వడ్డీ ఎక్కడా ఎక్కదు, ఏడాది చివర సంఘం ఆదాయం తక్కువొచ్చి అందరూ లీడరును అనుమానిస్తారు. కొందరు ఇంకా మొదటి పన్నెండు వేల మీదే 120 వడ్డీ తీసుకుని 880 అసలుకు రాస్తారు. ఆ తల్లికి ఒక్క నెలలో నలభై రూపాయలు పోయినట్టే. ఇంకొందరు లెక్క సరిగ్గానే విడగొట్టి, నిల్వ గడి నింపడం మరిచిపోయి, వచ్చే నెల కూడా ఎనిమిది వేల మీదే వడ్డీ వేస్తారు. ఈ మూడోది కనిపెట్టడం కష్టం, ఎందుకంటే చూడ్డానికి పుస్తకం శుభ్రంగానే ఉంటుంది.

దీన్ని నేర్పాలంటే కందులు పక్కన పెట్టేసి కాగితం చీటీలే వాడండి. కందుల్నే చిల్లరగానూ వాడితే, అది వడ్డీనా నిల్వనా అని తికమకపడతారు. ఒకసారి నేనే అలా చేసి, ఆ రాత్రంతా మళ్లీ మొదటికి రావాల్సి వచ్చింది. ఎనిమిది పిక్కలు పరచండి. సభ్యురాలికి వెయ్యి రూపాయల చీటీలు చిల్లరతో ఇవ్వండి. ఎనభై వడ్డీ గిన్నెలో వేసే దాకా అసలు గిన్నెను మీ చేత్తో మూసి పట్టుకోండి. తర్వాత చెయ్యి తీసి 920 వేయించండి. ఇప్పుడు ఒక పిక్క తీయించండి. కానీ పిక్క వెయ్యి, ఆమె అసలుకు వేసింది 920. తక్కువైన ఎనభైకి ఇంకో చీటీని మిగిలిన ఏడు పిక్కల పక్కన ఆమె చేతే పెట్టించండి. ఏడు వేల ఎనభై కళ్ల ముందు కనిపిస్తుంది. ఆ తర్వాతే లెడ్జరు తెరిచి వడ్డీ, అసలు, నిల్వ మూడు గడులూ నింపించాలి. ముందు చెయ్యి, తర్వాత పెన్ను. పెన్నుతో మొదలుపెట్టిన చోట నాకు ఎక్కడా ఫలితం రాలేదు.

ఆరో నెల వడ్డీ 70 రూపాయల 80 పైసలు వస్తుంది. పైసల దగ్గర గొడవ రాకుండా, అర్ధరూపాయి, ఆపైన ఉంటే రూపాయి చేయాలని, తక్కువుంటే వదిలేయాలని మినిట్స్ పుస్తకంలో ముందే తీర్మానం రాయించండి. అప్పుడు 71 అవుతుంది.

ఆ నెల ఆమె ఏమీ కట్టలేకపోతే? ఆ 71 రూపాయలను నిల్వలో కలపకండి. బాకీ వడ్డీ అని విడిగా రాసి, వచ్చే నెల పాత 71, కొత్త 71 ముందు తీసుకుని మిగతాది అసలుకు రాయండి. నిల్వలో కలిపితే వడ్డీ మీద వడ్డీ పడుతుంది. అది మన సంఘాల పని కాదు. ఆలస్యానికి జరిమానా వేయాలనుకుంటే తీర్మానం చేసి విడిగా రాసుకోండి.

ఇప్పుడు లెక్కలు ఫోన్‌లో, సంఘాల లెక్కల కోసం పెట్టిన లోకోస్ యాప్‌లోకి ఎక్కుతున్నాయి కదా, ఇదంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. యాప్‌లో అంకె వేసేది మనిషే. వెయ్యిని ఎలా విడగొట్టారో తెలియని సభ్యురాలికి ఫోన్‌లో కనిపించే నిల్వ నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

చివరి మెట్టు: చదివి వినిపించడం

ప్రతి సమావేశం చివర నగదు అందరి ముందూ లెక్కపెట్టి, ఒక్కొక్కరి వడ్డీ, అసలు, నిల్వ పైకి చదవాలి. రాసినామె కాకుండా వేరే సభ్యురాలు చదవాలి. పది మందికి పది నిమిషాలు పడుతుంది.

నెల తర్వాత మీరు మళ్లీ వెళ్లండి. ఎప్పుడూ మాట్లాడకుండా చివర కూర్చునే ఆమె దగ్గర కూర్చుని, పుస్తకం తెరవకముందే నిల్వ ఎంతని అడగండి. చెప్పిందా, పుస్తకంతో సరిపోయిందా, పక్క సంఘానికి వెళ్లండి. చెప్పలేకపోతే సంచిలోంచి పిక్కలు తీయండి.