బోరు నీళ్లలో కాల్షియం: రంగు వెనక్కి పోతుంటే

తిరుపతి పక్క బోరు నీళ్లకు ఈడీటీఏ టైట్రేషన్ (కాల్షియాన్ని పట్టుకునే ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కలుగా కలిపి, ఎంత పట్టిందో చూసి కాల్షియం కొలవడం) చేస్తుంటే, రంగు మారి ముగింపు చెప్పే ఇండికేటర్ మ్యూరెక్సైడ్ గులాబీ నుంచి ఊదాకి మారినట్టే మారి, కాసేపటికి మళ్లీ గులాబీ అయ్యేది. కొత్త ఇండికేటర్, కొత్త ఈడీటీఏ, వేరే బ్యూరెట్, ఏదీ పనిచేయలేదు.

కుదిరింది ఇదీ: 50 మి.లీ. శాంపిల్‌లో నీలి లిట్మస్ ఎర్రబడేదాకా పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేసి, ఒక నిమిషం మరిగించాను. అప్పుడు బుడగలుగా పోయే కార్బన్ డయాక్సైడ్‌తోనే అసలు తంటా. బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్లలో అలాగే క్షారం పోస్తే కాల్షియం కార్బొనేట్‌గా గడ్డకట్టి, తర్వాత మెల్లగా కరుగుతూ రంగును వెనక్కి లాగుతుంది. బాగా చల్లారాకే సోడియం హైడ్రాక్సైడ్ వేసి, పీహెచ్ 12 దాటిందని పేపర్‌తో చూసుకుని (మెగ్నీషియం పీడా అక్కడే వదిలిపోతుంది), చిటికెడు మ్యూరెక్సైడ్ పొడి, వెంటనే టైట్రేషన్. టీకి వెళ్లొచ్చి చేద్దాం అనుకోవద్దు.

రంగు నిలబడింది. 0.01 మోలార్ ఈడీటీఏ అయితే పట్టిన మి.లీ.లను 8తో గుణిస్తే లీటరుకు మిల్లీగ్రాముల కాల్షియం వచ్చేస్తుంది. ఇనుము, రాగి ఎక్కువున్న నీళ్లకు మాత్రం ఇదొక్కటే చాలుతుందని చెప్పలేను.