వంక పక్కన ఇల్లు, బ్యాంకులో లోన్: వరద బీమా ఎలా చేయించుకోవాలి

కర్నూలులో హంద్రీ, కడపలో బుగ్గవంక, అనంతపురంలో నడిమివంక ఒడ్డున లోన్ పెట్టి ఇల్లు కొనేవాళ్లు ముందు ఒకటి తేల్చుకోవాలి. లోన్‌తోపాటు ప్రీమియం కట్టించుకునే ‘లోన్ ప్రొటెక్షన్’ చాలామటుకు మనిషి ప్రాణానికి చేసే బీమా. ఇంట్లోకి నీళ్లొస్తే దాంట్లోంచి రూపాయి రాదు.

ఇంటికి కావలసింది ‘భారత్ గృహ రక్ష’ అనే ఇంటి బీమా పాలసీ. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అగ్నిప్రమాదం, భూకంపంతోపాటు వరద, ముంపు అందులోనే కలిసి ఉంటాయి. బ్యాంకు చూపించిన కంపెనీలోనే తీసుకోనక్కర్లేదు.

అసలు తప్పు జరిగేది బీమా మొత్తం రాయించే దగ్గర. లోన్ 10 లక్షలైతే బీమా కూడా 10 లక్షలకే రాసేస్తారు. ఇల్లు పూర్తిగా పోతే ఆ డబ్బు బ్యాంకు బాకీకి సరి, మళ్లీ కట్టుకోవడానికి మిగలదు. లెక్క ఇలా వేయాలి: కార్పెట్ ఏరియా (బయటి గోడల లోపలి నేల) 900 చదరపు అడుగులు, ఈరోజు కట్టడానికి అడుగుకు 1,800 అనుకుంటే 16,20,000. స్థలం విలువ కలపకూడదు, నేల ఎక్కడికీ పోదు. ప్రహరీ, సంపు, సెప్టిక్ ట్యాంకు, సోలార్ ప్యానెళ్లకు విడిగా విలువ రాయించాలి. వరదకు మొదట కూలేది ప్రహరీయే. సామాన్లకు ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, దానంతటదే వస్తుంది. పై లెక్కలో 3,24,000. నగలు, నగదు, బండ్లు ఇందులోకి రావు. నగలకు విడిగా అడిగి చేర్పించుకోవచ్చు, బండికి దాని సొంత పాలసీ ఉండాలి.

ఫారంలో ఉన్నదే రాయండి. మట్టిమిద్దెను ఆర్‌సీసీ అని ఏజెంటు రాసేస్తే క్లెయిమప్పుడు చిక్కు మీకే. కింద అంగడి, పైన కాపురం ఉంటే అంగడికీ సరుకుకూ చిన్న వ్యాపారాల బీమా ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ వేరే తీసుకోవాలి. వంక మీదికి జరిపి పోసిన స్లాబు ప్లాన్‌లో లేకపోతే దాన్ని నమ్ముకుని లోనూ అడగొద్దు, విలువా కట్టొద్దు.

నీళ్లొస్తే కరెంటు మెయిన్ ఆఫ్ చేయండి. నీరు తీశాక, బురద ఎత్తకముందే గోడ మీది నీటి చార కనిపించేలా ప్రతి గదినీ ఫొటోలు తీయండి. అదేరోజు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు రాసుకోండి. తడిసిన ఫ్రిజ్, పరుపులు, నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే సర్వేయరు చూసేదాకా పారేయొద్దు. చెత్త తొలగింపు ఖర్చు క్లెయిమ్‌లో 2 శాతం దాకా ఇస్తారు, బిల్లు దాచండి. ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే వేరే ఇంటి అద్దె కూడా అడగొచ్చు.

పాలసీలో బ్యాంకు పేరుంటే డబ్బు బ్యాంకుకే వెళ్తుంది. రిపేరుకు మీ ఖాతాలోకి రావాలంటే బ్యాంకు దగ్గర సమ్మతి లేఖ తీసుకుని కంపెనీకివ్వాలి. లోన్ తీరిన రోజు నో డ్యూస్ (బాకీ లేదన్న కాగితం)తోపాటు పాలసీలోంచి బ్యాంకు పేరు తీయించండి.

గడువు మాత్రం మీరే చూసుకోవాలి. లోన్ 20 ఏళ్లున్నా, మొదట చేయించిన పాలసీ ఒక్క ఏడాదికే అయిపోయి ఉండొచ్చు. 10 ఏళ్ల దాకా ఒకేసారి తీసుకునే వీలుంది; అలా తీసుకుంటే ఇంటి బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున, అదనపు ప్రీమియం లేకుండా పెరుగుతుంది. వంక పక్కన ఉన్నవాళ్లకు అదే మేలు.